డ్యూటీ చార్టులో రాయని బరువు

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం పైకప్పు కూలింది. దాదాపు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఎన్డీఆర్ఎఫ్, ఎస్డీఆర్ఎఫ్, సైన్యం, సింగరేణి రెస్క్యూ బృందాలు వారాల తరబడి రాత్రీ పగలూ షిఫ్టుల మీద పనిచేశాయి. ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగంలో చిక్కుకున్న 41 మంది 2023లో ప్రాణాలతో బయటపడటానికి చివరి తవ్వకం చేసిన ర్యాట్ హోల్ మైనర్లు (ఇరుకు దారుల్ని చేత్తో తవ్వే కార్మికులు) కూడా వచ్చారు. మార్చి 9న ఒక మృతదేహం, మార్చి 25న మరొకటి దొరికాయి. మిగతా ఆరుగురి జాడ దొరకలేదు. చివరి భాగం మరీ ప్రమాదకరంగా ఉండటంతో ఏప్రిల్‌లో గాలింపు ఆగిపోయింది.

ఆ రోజుల్లో బురద ఎంత తీశారు, నీళ్లు ఎంత తోడారు అన్న లెక్కలు పొద్దున్నా సాయంత్రం వార్తల్లో వచ్చాయి. ఆ బురదలో, ఆ వాసనలో, నెత్తి మీద ఎప్పుడు ఏది రాలుతుందో తెలియని చోట పనిచేసి వెళ్లినవాళ్లకు తర్వాత నిద్ర పట్టిందా లేదా అని ఎవరూ అడగలేదు. మనిషి ప్రాణాలతో దొరికితే ఎంత కష్టమైనా మరిచిపోతారు. ప్రాణం పోయినా దేహం దొరికితే, ఇంటివాళ్లకు అప్పగించామన్న తృప్తయినా మిగులుతుంది. రెండూ లేకుండా తిరిగి వెళ్లాల్సి వస్తే ఆ పని మనసులో ముగియదు. ‘ఇంకో రెండు మీటర్లు తవ్వి ఉంటే’ అన్న ఆలోచన ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

సహాయక సిబ్బందికి మానసిక ఆసరా అనగానే మాట కౌన్సెలింగ్ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. కౌన్సెలింగ్ అవసరమే. కానీ పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఈ పనులు చేసేవాళ్ల రోజువారీ బతుకు చూస్తే ముందు సరిచేయాల్సినవి డ్యూటీ చార్టు, రివ్యూ మీటింగు, పై అధికారి అడిగే మొదటి ప్రశ్న. ఇవి అలాగే ఉంటే ఎంత మంచి కౌన్సెలర్ వచ్చినా, గాయపడినవాళ్లను ఓదార్చి మళ్లీ గాయపడే చోటికే పంపినట్టవుతుంది.

విపత్తు దళాలకు కనీసం ఒక బెటాలియన్, పక్కన అదే చూసిన తోటివాళ్లు, తిరిగి వెళ్లడానికి ఒక క్యాంపు ఉంటాయి. స్థానిక సిబ్బందికి ఆ దూరం కూడా దొరకదు. 2005 అక్టోబర్ 29న వలిగొండ దగ్గర వరదకు రైల్వే వంతెన కొట్టుకుపోయి డెల్టా ప్యాసింజర్ పడిపోయింది. వంద మందికి పైగా చనిపోయారు. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున కొత్తకోట మండలం పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు కాలిపోయి 45 మంది మరణించారు. ఎవరు ఎవరో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఇలాంటి చోటికి ముందుగా చేరేది దగ్గరి స్టేషన్ కానిస్టేబుళ్లు, ఫైరింజన్ సిబ్బంది, 108 బండి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. ఆ తర్వాత కూడా అదే రోడ్డు మీద, అదే మలుపు దాటి డ్యూటీకి పోవాల్సింది వాళ్లే. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు. మిగిలినవాళ్లు తమతో కలిసి టీ తాగిన మనుషులను పోగొట్టుకున్న చోటికే మళ్లీ పనికి వెళ్లాలి.

పెద్ద ప్రమాదాలు కనీసం లోకానికి తెలుస్తాయి. అసలు బరువు ఏ పేపర్లోనూ రాని రోజువారీ మరణాల్లో ఉంది. దాన్ని ఎక్కువగా మోసేది ఊళ్లలో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలు, ఆశాలు.

ఒక ఊళ్లో కాన్పయిన ఆడపిల్ల రక్తస్రావంతో చనిపోయిందనుకుందాం. గర్భం వచ్చిన కొత్తలో ఆమె పేరు రాసుకున్నది ఆశానే. ఐరన్ గోలీలు ఇచ్చింది, అర్ధరాత్రి 108కు ఫోన్ చేసింది, బండిలో పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నది కూడా ఆమే. వెయ్యి మంది జనాభాకు ఒక ఆశా అన్నది లెక్క. అంటే ఆమె పనిచేసేది తన సొంత ఊళ్లోనే, తన సొంత మనుషుల మధ్యే. చనిపోయిన పిల్ల ఆమెను చిన్నమ్మా అనో, అత్తా అనో పిలిచి ఉంటుంది. శవం ఊళ్లోకి వచ్చినప్పుడు ఏడ్చే ఆడవాళ్లలో ఆమె కూడా ఉంటుంది. ‘నువ్వే కదా దవాఖానకు తోలుకపోయినవ్’ అని ఎవరో ఒకరు అననే అంటారు.

అక్కడితో అయిపోదు. బిడ్డ బతికితే నిబంధనల ప్రకారం 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా ఆ ఇంటికి వెళ్లి బిడ్డను చూడాలి, బరువు తూచాలి. తల్లి చనిపోయి ఇంకా దినాలు కూడా కాని ఇంట్లోకి, బిడ్డను ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్న నానమ్మ ముందుకు, త్రాసు పట్టుకుని పోవాలి. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. అన్నం పక్కింటివాళ్లు తెస్తారు, చుట్టాలు పది రోజులు అంటిపెట్టుకుని ఉంటారు. దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని ఎలా చూసుకోవాలో ఊరికి బాగా తెలుసు. ఆ చావుకు సాక్షిగా నిలబడిన ఆశా ఇంట్లో మాత్రం ఆ సాయంత్రం పొయ్యి ఆమే వెలిగించాలి.

ఇంతలో విచారణ మొదలవుతుంది. ప్రతి మాతృమరణాన్నీ సమీక్షించాలన్నది మంచి నియమం. ఎక్కడ ఆలస్యమైంది, రక్తం ఎందుకు దొరకలేదు, ఏ ఆసుపత్రి ఎక్కడికి పంపింది అన్నవి తేలితేనే తర్వాతి ప్రాణం నిలుస్తుంది. ఇది తప్పు పట్టడానికి చేసే సమీక్ష కాదని మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆచరణలో అది పీహెచ్‌సీలో, ఆపైన జిల్లా స్థాయిలో, నిలబడి జవాబు చెప్పుకునే పరీక్షగా మారుతుంది. ‘హైరిస్క్ అని ముందే ఎందుకు రాయలేదు?’ అన్నదే మొదటి ప్రశ్న అయితే ఆ ఆశా ఇక చెప్పేది నిజం కాదు, తనను కాపాడే జవాబు. ఆ జవాబుతో వ్యవస్థా ఏమీ నేర్చుకోదు, ఆమె మనసూ తేలికపడదు.

అదే చోట ఆరోగ్య ఉపకేంద్రం నర్సు ఏఎన్‌ఎం, ‘తిన్నవా అక్కా? మూడో రోజు విజిట్ నేను పోతలే, నువ్వు ఇంటికాడ ఉండు’ అంటే పరిస్థితి వేరుగా ఉంటుంది. ఇందులో కౌన్సెలింగ్ శిక్షణ అవసరమైనదేమీ లేదు. ఒక పని ఒక మనిషి మీది నుంచి ఇంకొకరి మీదికి మారింది, అంతే. కానీ ఇది ఏఎన్‌ఎం మంచితనం మీద ఆధారపడకూడదు. మరణం జరిగిన ఇంటికి మొదటి రెండు విజిట్లు వేరొకరు వెళ్లాలని, ఆశా వెళ్లాలనుకుంటే తోడు వెళ్లాలని రాతపూర్వకంగా ఉండాలి.

రెవెన్యూ, వ్యవసాయ శాఖల వాళ్లు మోసే బరువు ఇంకో రకం. రైతు ఆత్మహత్య జరిగినప్పుడు పరిహారం ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2004లో వచ్చిన జీవో 421 ప్రకారం తహసీల్దార్, ఎస్సై, వ్యవసాయాధికారి మండల స్థాయిలో విచారించాలి. ఆపైన డివిజన్ స్థాయి కమిటీ చూడాలి. కాగితం మీద ఇది పరిశీలన. ఇంటి అరుగు మీద అది భర్త పోయి వారం తిరగని ఆడమనిషిని అప్పుల వివరం అడగడం. పాసుపుస్తకం ఉందా, ప్రామిసరీ నోట్లు ఉన్నాయా, అప్పు పంట కోసమేనా, తాగుడు అలవాటు ఉందా? బతికుండగా అప్పు సంగతి భార్యకు చెప్పకుండా దాచిన మనిషి గురించి ఆమె ఏం చెప్పగలదు? అడిగేవాడు రాతిగుండె మనిషేం కాదు. ఆ రైతుకు పోయినేడు విత్తనాల గురించి సలహా చెప్పిన మనిషే అయి ఉండొచ్చు. కౌలు రైతు అయితే చూపించడానికి కాగితమే ఉండదు. ‘అర్హత లేదు’ అని రాసి సంతకం పెట్టి, రాత్రి ఇంటికి వెళ్లి పిల్లలతో కూర్చుని అన్నం తినడం అంత సులువైన సంగతి కాదు.

తాను సరైనదని నమ్మినదానికి విరుద్ధంగా పనిచేయాల్సి వచ్చినప్పుడు తగిలే దెబ్బను మనస్తత్వ శాస్త్రంలో నైతిక గాయం అంటారు. ఇందులో భయం కంటే సిగ్గు, తప్పు చేశానన్న భావం ఎక్కువ. 2021 మే నెలలో, కోవిడ్ రెండో వేవ్ ఉధృతంగా ఉన్న రోజుల్లో, 44వ జాతీయ రహదారి మీద అలంపూర్ దగ్గరి పుల్లూరు చెక్‌పోస్టులో ఆంధ్రప్రదేశ్ వైపు నుంచి హైదరాబాద్ వెళ్లే అంబులెన్సులను అనుమతి పత్రాలు లేవని ఆపారు. హైకోర్టు జోక్యం చేసుకున్న తర్వాతే దారి తెరుచుకుంది. ఆ ఉత్తర్వు తప్పొప్పుల చర్చ బాగానే జరిగింది. ఊపిరి అందని మనిషి లోపల ఉండగా బండికి అడ్డం నిలబడాల్సి వచ్చిన కానిస్టేబుల్ గురించి మాత్రం చర్చ జరగలేదు. అతనికి ప్రాణాయామం నేర్పితే ఆ రోజు మాసిపోదు. అలాంటి ఆదేశం ఇచ్చినవాళ్లు ‘అది మీ నిర్ణయం కాదు, మాది’ అని బాహాటంగా ఒప్పుకుంటే కొంత బరువు దిగుతుంది.

మనసుకు ఊరట విధానం నుంచి కూడా రావచ్చు. 2018లో వచ్చిన రైతుబీమా ఇందుకు మంచి ఉదాహరణ. 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు వస్తాయి. ఎందుకు చనిపోయాడన్న ప్రశ్నే అక్కర్లేదు. భార్యకు ఆ అవమానం తప్పింది, అడగాల్సిన అధికారికి ఆ బాధా తప్పింది. దాన్ని ఎవరూ మానసిక ఆరోగ్య పథకం అనలేదు గానీ, ఇద్దరికీ చేసిన మేలు చిన్నది కాదు. పట్టా లేని కౌలు రైతు దగ్గర మాత్రం పాత ప్రశ్నలన్నీ పాతగానే ఉన్నాయి.

మార్చురీలో పనిచేసేవాళ్లు, బావిలోంచో చెరువులోంచో శవం తీసేవాళ్లు, డ్రైనేజీ సిబ్బంది సంగతి ఇంకా అన్యాయం. వీళ్లలో ఎక్కువమంది దళితులు, చాలామంది కాంట్రాక్టు మీదో దినకూలీ మీదో ఉన్నవాళ్లు. శవం తీయాలంటే చేతిలో కొంత డబ్బు పెట్టి, ‘మందు తాగి రా పో’ అనడం చాలాచోట్ల మామూలు విషయం. తాగితే తప్ప ఎవరూ చేయలేని పని అని అందరికీ తెలుసు కాబట్టే ఆ డబ్బు ఇస్తున్నారు. మరి అతని లివర్ పాడైనప్పుడు ‘తాగుబోతు’ అని తీసిపారేస్తారు. గ్లౌజులు, మాస్కు, స్నానానికి వేడినీళ్లు, మార్చుకోవడానికి బట్టలు, మర్నాడు సెలవు. మందు డబ్బులకంటే ముందు ఇవ్వాల్సినవి ఇవి.

బాధ ఎలా బయటపడుతుందో కూడా పై అధికారులకు తెలియాలి. ‘నాకు డిప్రెషన్ ఉంది’ అని ఏ కానిస్టేబులూ, ఏ అంగన్‌వాడీ టీచరూ వచ్చి చెప్పరు. నెత్తి నొస్తుందంటారు, పానం మంచిగ లేదంటారు, గుండె దడ అంటారు. ఇంట్లోవాళ్లను అడిగితే ‘రంది పెట్టుకున్నది’ అంటారు. బీపీ చూసి, ఒక గోలీ ఇచ్చి పంపేస్తారు. కొందరిలో అది కోపంగా వస్తుంది. మునుపు ఓపిగ్గా మాట్లాడిన నర్సు పేషెంట్ల మీద అరుస్తుంది. ఇంకొందరిలో మొద్దుబారడంగా వస్తుంది. ‘చావులు మాకు మామూలే’ అని నవ్వేస్తారు. అరిచే నర్సు మీద ఫిర్యాదు వెళ్తుంది, మొద్దుబారిన మనిషికి ‘గట్టిగుండె’ అని మెప్పు దొరుకుతుంది. ఇద్దరికీ సాయం మాత్రం అందదు.

మరి ఏం పనిచేస్తుంది? ముందు ఏది పనిచేయదో చెప్పుకోవాలి. సంఘటన జరిగిన ఒకటి రెండు రోజుల్లోనే అందరినీ గుంపుగా కూర్చోబెట్టి, చూసిందంతా పూసగుచ్చినట్టు చెప్పించే పద్ధతి 1980లలో అమెరికాలో అంబులెన్స్, అగ్నిమాపక సిబ్బంది దగ్గర మొదలై ప్రపంచమంతా పాకింది. చెప్పుకుంటే గుండె బరువు దిగుతుందన్నది అందరి నమ్మకం. కానీ అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు ఆ పద్ధతి తర్వాతి మానసిక గాయాన్ని ఆపలేదని, కొందరికి కీడు కూడా చేసిందని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు దాన్ని సిఫారసు చేయడం లేదు. మొదటి నెలలో నిద్ర కోసం, టెన్షన్ తగ్గడం కోసం మత్తు గోలీలు ఇవ్వడాన్ని కూడా అది వద్దంటుంది. మెడికల్ షాపులో అడిగి గోలీ తెచ్చుకునే అలవాటు ఉన్న మన దగ్గర ఇది గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

2011లో అదే సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకంలో పద్ధతి చాలా సాదాగా ఉంటుంది: చూడండి, వినండి, కావాల్సిన సాయంతో కలపండి. మనిషి క్షేమంగా ఉన్నాడా, తిన్నాడా, ఇంటికి ఫోన్ చేశాడా అని చూడాలి. చెప్పాలనుకుంటే వినాలి, చెప్పకపోతే గుచ్చి అడగకూడదు. ఇంటికి వెళ్లడానికి బండి, డ్యూటీ మార్పు, డాక్టర్ అవసరమైతే డాక్టర్ — వీటిని దగ్గరుండి ఏర్పాటు చేయాలి. పీడకలలు, ఉలిక్కిపడటం చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా అవే దృశ్యాలు కళ్ల ముందు తిరుగుతుంటే, ఆ దారినే పోకుండా తప్పించుకుంటుంటే, తాగుడు పెరిగితే అప్పుడు చికిత్స కావాలి. దానికి మంచి చికిత్సలే ఉన్నాయి. చచ్చిపోవాలన్న మాట వస్తే మాత్రం నెల కాదు, గంట కూడా ఆగకూడదు.

ఇక్కడే 108 సిబ్బంది సంగతి చూడాలి. వాళ్లు పేషెంట్‌ను ఆసుపత్రిలో అప్పగించి వెంటనే మరో కాల్‌కు పోతారు. చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా 65వ జాతీయ రహదారి మీద ప్రమాదాలకు కొదవ లేదు. తాము తెచ్చిన పిల్లవాడు బతికాడా లేదా అన్నది చాలాసార్లు వాళ్లకు తెలియదు. బతికినవాళ్ల సంగతి తెలియకపోతే చనిపోయినవాళ్లే గుర్తుండిపోతారు. ఆసుపత్రి నుంచి వారానికి ఒకసారి ‘మీరు తెచ్చిన ఫలానా కేసు డిశ్చార్జ్ అయింది’ అన్న సమాచారం పంపడానికి పెద్ద ఖర్చేం కాదు. పసిపిల్లల మరణం లాంటి కాల్ తర్వాత ఆ బండిని ఒక గంట పక్కన పెట్టాలంటే మాత్రం ఖర్చవుతుంది, ఎందుకంటే ఆ గంట ఇంకో బండి ఉండాలి. ఆ ఖర్చు పెట్టాలి. సిబ్బంది తక్కువ ఉన్నచోట విశ్రాంతి గురించి ఉపన్యాసం ఇవ్వడం వాళ్లను ఇంకా నొప్పించడమే.

జీతం గురించి కూడా ఇక్కడే మాట్లాడాలి. నెలల తరబడి జీతం రాని పంచాయతీ పారిశుధ్య కార్మికుడికి, పారితోషికం కోసం ధర్నా చేయాల్సివచ్చే ఆశాకు, ఒత్తిడిని ఎలా తట్టుకోవాలో చెప్పే ఒకరోజు శిక్షణ ఏ ఊరటా ఇవ్వదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజు నెత్తి మీద ఉన్న మనిషికి ఎదుటివాళ్ల దుఃఖం మోసే శక్తి సగం అక్కడే అయిపోతుంది. ఒకటో తారీఖున జీతం పడటం కూడా మానసిక ఆరోగ్య చర్యే.

డాక్టర్ల విషయంలో పరిస్థితి మునుపటికంటే మెరుగు. ఒకప్పుడు పాలమూరు నుంచైనా, నల్లగొండ నుంచైనా ఈ జబ్బులకు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పోవాలన్నదే అందరికీ తెలిసిన దారి. ఆ పేరు వింటేనే జనం వెనకడుగు వేసేవాళ్లు. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటితోపాటు మానసిక వైద్య విభాగాలు కూడా జిల్లాకు దగ్గరయ్యాయి. ఫోన్‌లో మాట్లాడాలనుకునేవాళ్లకు 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ 14416 నంబరు రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు అక్కర్లేదు.

అయినా పోలీసులు, నర్సులు అక్కడికి పోవడానికి జంకుతారు. కాలేజీ ఓపీ లైన్లో నిలబడితే తెలిసినవాళ్లు చూస్తారు. ‘మెంటల్’ అన్న ముద్ర పడితే ప్రమోషన్ పోతుందని, ఆయుధం తీసేసుకుంటారని కానిస్టేబుళ్లు భయపడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడాన్ని హక్కుగా ఇచ్చింది. ఆ సంగతి స్టేషన్ నోటీసు బోర్డు మీద ఉండాలి, ఎస్పీ నోటితో సిబ్బంది వినాలి. నెలకు ఒక పూట, ఓపీ అయిపోయాక, సైకియాట్రిస్ట్ దగ్గరికి ప్రభుత్వ సిబ్బంది వేరే గదిలో వెళ్లే ఏర్పాటు చేయొచ్చు. అంతకంటే మేలు, బీపీ, షుగర్ పరీక్షలాగా దీన్ని కూడా అందరికీ పెడితే ఎవరు ఎందుకు వెళ్లారన్న ప్రశ్నే ఉండదు.

పై అధికారుల శిక్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పని ప్రదేశాల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రత్యేకంగా సిఫారసు చేసింది. అందుకు కారణం స్పష్టమే. సర్కిల్ ఇన్‌స్పెక్టర్, మెడికల్ ఆఫీసర్, అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజర్ రోజూ కనిపించే మనుషులు. సైకాలజిస్ట్ ఏడాదికోసారి కూడా కనిపించకపోవచ్చు. కింది సిబ్బందికి సెలవు ఇచ్చేదీ, డ్యూటీ మార్చేదీ, నలుగురి ముందు తిట్టేదీ, భుజం తట్టేదీ వీళ్లే. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ నెలవారీ మీటింగులో మొదటి పది నిమిషాలు టార్గెట్ల జోలికి పోకుండా ‘ఈ నెల ఎవరికి కష్టమైన కేసు వచ్చింది’ అని అడగడానికి పైనుంచి జీవో రావాల్సిన పనిలేదు. మాతృమరణ సమీక్షలో ఆశాను నిలబెట్టకుండా కుర్చీ వేసి కూర్చోబెట్టడానికీ, ఆమె మాట మొదట విని ఆ తర్వాతే రిజిస్టర్ తెరవడానికీ కలెక్టర్ ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు.